కింద మేకు లేని బొమ్మ

రిటైరైన డ్రాయింగ్ టీచరుకు పొద్దు పోవడం ఎంత కష్టమో మీకు చెప్పినా అర్థం కాదు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. ఇవే బొమ్మల్ని ఉద్యోగమంతా దిద్దిన చెయ్యి ఇంట్లో ఊరికే ఉంటుందా? బ్యాంకులో క్యాలెండరు వంకరగా ఉన్నా లేచి పోయి సర్ది వస్తాను. "నీకెందుకే?" అంటాడు మా ఆయన. నాకెందుకో నాకూ తెలీదు. సర్దితే గాని మనసు కుదురుగా ఉండదు, అంతే.

ఇట్లాంటి నాకు బెంగళూరులోని ఒక ఆర్ట్ మ్యూజియం వాళ్లు రాబోయే కార్యక్రమాల కాగితం ఫోనులో పంపిస్తా ఉంటారు. ఎప్పుడో ఒకసారి పోయి, గేటు దగ్గర నంబరు ఇచ్చి వచ్చినాను. అప్పట్నుంచి వదల్లేదు. ఈ వేసవిలో వచ్చిన కాగితం నిండా పెద్ద అక్షరాలే. కంచు విగ్రహాల మీద ఉపన్యాసం, పిల్లలకు మట్టిబొమ్మల తరగతి, తోలుబొమ్మలాట, నీటిరంగుల ప్రదర్శన. వీటన్నిటికీ అడుగున చిన్నగా ఒక ముక్క ఉంది. 'ఇంటి గోడ: కోలారు బంగారు గనుల ఇండ్లలోని పటాలు, బొమ్మలు. వానలు తగ్గినాక బెంగళూరులో. అంతకంటే ముందు ఒక శని, ఆదివారం కేజీఎఫ్‌లోనే, సొంతదారుల మధ్య. అందరూ రావచ్చు. టికెట్ లేదు.'

ఊరు మ్యూజియం దగ్గరికి పోవడం విన్నాం గాని, మ్యూజియమే ఊరికి రావడమా! వెంటనే రీటాకు ఫోన్ చేసినాను. రీటా, నేను మదనపల్లెలో ఒకే బడిలో పని చేసినాము. నేను డ్రాయింగు, ఆమె లెక్కలు. రిటైరైనాక ఆమె కేజీఎఫ్‌లో అత్తగారింటికి పోయి స్థిరపడింది.

"రా అక్కా రా!" అని అరిచింది రీటా. "మా మామ వేసిన బొమ్మ కూడా ఉండాది అందులో. దాన్ని బెంగళూరుకు పంపేదా వద్దా అని ఇంట్లో పెద్ద పంచాయితీ. మా అత్త పొద్దున పంపుతానంటాది, సాయంత్రం పంపనంటాది. ఆదివారం సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పాల. నువ్వు డ్రాయింగ్ టీచరువి గదా, నీ మాటంటే వింటాది."

నా మాట వినేవాళ్లు ఒకరున్నారంటే ఆగుతానా? చీరలు రెండు సంచిలో కుక్కుకుని శుక్రవారం పొద్దున్నే బయల్దేరినాను.

నంగలి దగ్గర దిగిన దొరసానితనం

పలమనేరు దాకా మన బస్సే. ఆడవాళ్లకు టికెట్ లేదు గదా, దొరసాని మాదిరి కిటికీ పక్కన కూర్చుని పోయినాను. నంగలి చేరేసరికి రాష్ట్రం మారింది, బస్సు మారింది. కర్ణాటక బస్సులో కండక్టరు "ఆధార్" అని చెయ్యి చాపినాడు. గర్వంగా తీసి ఇచ్చినాను. అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది ఆంధ్రాది కదమ్మా, మీకు టికెట్ ఉండాది" అన్నాడు, చక్కటి తెలుగులో.

నా పక్కన నంగలి ఆమె ఒకామె మామిడికాయల బుట్టతో కూర్చుని ఉంది. ఆమెకు ఫ్రీ, ఆమె బుట్టకు టికెట్టు. నాకు టికెట్టు, నా సంచికి ఫ్రీ. ఇద్దరం ఆ న్యాయానికి నవ్వుకున్నాము.

"యాడికి పోతుండావమ్మా?" అని అడిగింది.

"కేజీఎఫ్‌కు. బొమ్మలు చూసేదానికి."

"అమ్ముతారా?"

"అమ్మరు. గోడకు తగిలించి ఉంటారు. చూసి వచ్చేయడమే."

"కొనకుండా వచ్చేదానికి ఇంత దూరమా!" అని నన్ను పైనుంచి కింది దాకా చూసింది. పాపం తిక్కది అనుకున్నట్టుంది, దిగేటప్పుడు బుట్టలోంచి బాగా మాగిన బాదామి మామిడికాయ ఒకటి తీసి నా ఒళ్లో పెట్టి పోయింది. మా ఊళ్లో ఆ కాయ కిలో ఎనభై చెప్తున్నారు. ఆమె యాభైకి ఇస్తానంది. వచ్చేటప్పుడు కొంటానని మాటిచ్చినాను గాని, ఆమె ఇల్లెక్కడో పేరేమిటో అడగాలని తోచలేదు. ఇదీ నా తెలివి.

ముళబాగిలులో నెయ్యి మరక

ముళబాగిలు దోసె గురించి ఎంతోమంది ఎంతో చెప్పినారు. నేను నమ్మలేదు. దోసెలో ఏముంటుంది, పిండే గదా అనుకున్నాను. తప్పు, తప్పున్నర. మందంగా ఉంటుంది, కింద ఎర్రగా కరకరమంటుంది, పైన దూది. లోపల ఎర్రకారం పూసి ఆలుగడ్డ కూర, వాళ్ల మాటలో పల్యం, పెట్టి, పైన నెయ్యి ధారాళంగా పోస్తారు. అరవై రూపాయలు. మా ఊళ్లో ఆ నెయ్యికే అరవై తీసుకుంటారు.

అలవాటు కొద్దీ సాంబారు అడిగినాను. సర్వరు పెద్దాయన నా మొహంలోకి చూసి, "దీనికి సాంబార్ బేడమ్మా" అన్నాడు, పాపం చెయ్యబోయేదాన్ని వద్దని పట్టుకుని ఆపినట్టు. సిగ్గుపడి తల వంచుకుని తినబోతే నెయ్యి జారి చీర కుచ్చిళ్ల మీద పడింది. రేపు ప్రారంభోత్సవానికి కట్టుకోవాలని సంచిలో పెట్టుకున్న చీర చూస్తే, నంగలి ఆమె ఇచ్చిన కాయ దాని మీదే పగిలి రసం కారింది. ఇంగ నవ్వేదా ఏడ్చేదా?

బంగారుపేట శెట్టిగారి తీర్పు

అందుకని బంగారుపేటలో దిగగానే నేను వెతికింది రైలును కాదు, బట్టల కొట్టును. బజారులో ఒక శెట్టిగారి అంగడి. తాతల కాలం నాటిదట. గిరాకీతో కన్నడం, పనివాళ్లతో తమిళం, లోపల భార్యతో తెలుగు. ఒకే నోట్లోంచి మూడు భాషలు తడబాటు లేకుండా వస్తుంటే నేను చీరలు చూడడం మర్చిపోయినాను.

మూడొందల యాభైకి ఒక నూలు చీర తేల్చినాక, ఎక్కడికి పోతున్నానో చెప్పినాను. ఆయన గజం బద్ద పక్కన పెట్టి ఆలోచించినాడు.

"గోడ మీద పటాన్ని పెరికి బెంగళూరుకు తీసుకపోతారా?"

"అడిగి తీసుకపోతారండీ. మళ్లీ తెచ్చిస్తారు."

"చూడమ్మా, మా నాయన ఉన్నప్పుడు గనుల్లో జీతాలు పడిన దినం ఈ అంగడిలో నిలబడేదానికి జాగా ఉండేది కాదు. ఆ జనాల ఇండ్లు నేను చూసినాను. ఉండేది ఒక్క రూము, ఆ రూములో ఉండేవి నాలుగు గోడలు. ఆ గోడకుండే పటం మీద మనం ఆశపడకూడదు. చూడాలంటే మనమే పోవాల. నువ్వు పోతుండావు గదా, అదీ న్యాయం." అని తీర్పు చెప్పి, జాకెట్టు గుడ్డకు పది రూపాయలు తగ్గించినాడు.

స్టేషను దగ్గర ఇక్కడి పానీపూరీ కూడా తిన్నాను. మన దగ్గర పచ్చగా, చిక్కగా పోస్తారు. ఇక్కడ పంపు నీళ్ల మాదిరి తేటగా ఉంటాయి. నీళ్లే గదా అని ధైర్యంగా మింగినాను. అమ్మో! చెవుల్లోంచి పొగ వచ్చింది. కండ్లు తుడుచుకుంటా ఇంకో ప్లేటు చెప్పినాను.

కేజీఎఫ్ మీదుగా మారికుప్పం పోయే సాయంత్రం రైలు నిండా బెంగళూరులో పని చేసి ఇంటికి తిరిగొచ్చేవాళ్లే. పొద్దున చీకటితో పోయి పొద్దు కుంకినాక ఇల్లు చేరతారు. చిక్కుడుకాయలు ఒలుచుకునే ఒకామె నాకు జరిగి చోటిచ్చింది. ఒలిచి ఇవ్వమని సగం కాయలూ ఇచ్చింది.

కదలని పటాలు

రీటా వాళ్లది పాత లైన్ ఇల్లు. గనుల కాలంలో వరసగా కట్టిన ఇండ్లను లైన్లంటారు. ముందు ఒక గది, వెనక వంటిల్లు, తర్వాత వీళ్లు పెంచుకున్న ఇంకో గది. వీధి చివర గనిలోంచి తీసి పోసిన తెల్లటి మట్టి దిబ్బలు కొండల్లా ఉన్నాయి. మాకు శనివారం ఉపవాసమైతే, చర్చికి పోయే వీళ్లకు శుక్రవారం మాంసం లేదు. అందుకని చేపల పులుసు. మాంసం లేకపోవడమంటే ఇంత బాగుంటుందని నాకు తెలీదు.

చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి వస్తే, రీటా పెండ్లి ఫోటో రవ్వంత పక్కకు ఒరిగి ఉంది. నా సంగతి చెప్పినాను గదా! పోయి సర్దబోయినాను. కదల్లేదు. గట్టిగా లాగినాను. టప్పని గోడ పెచ్చు ఊడి నా కాలి మీద పడింది.

రీటా పడీ పడీ నవ్వింది. "అవి కదలవక్కా! కింద కూడా మేకులుండాయి."

చూస్తే నిజమే. ఏసుప్రభువు పటానికి, వేళాంగణి మాతకు, పిల్లల ఫోటోలకు, అన్నిటికీ పైన ఒక మేకు, కింది అంచున రెండు మేకులు. వంటింటి గుమ్మం పక్కన మాత్రం ఒక రేకు బొమ్మ పైన ఒంటి తీగతో వేలాడుతూ ఉంది. దాన్నయినా సర్దుదామని వేలు పెడితే అటూ ఇటూ ఊగింది.

లోపల పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ముసలామె చటుక్కున లేచి నిలబడింది. ఒళ్లోని వెల్లుల్లి అంతా నేలపాలు.

"నేనేనమ్మా, నేను తాకినాను" అన్నాను భయపడి.

"ఓ, టీచరమ్మా!" అని గుండె మీద చెయ్యేసుకుని మళ్లీ కూర్చుంది. ఆమే ఆరోగ్యమ్మ, రీటా అత్త. సన్నగా, పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఉంది. వెల్లుల్లి ఏరిపెడుతూ నేను పక్కన కూర్చున్నాను. అడగకుండానే చెప్పింది.

"గనిలో బండ పగిలేది టీచరమ్మా. మేము బర్స్ట్ అంటాము. ఇల్లంతా అదిరి గిన్నెలు, పటాలు కింద పడేవి. అందుకే ఈ లైన్లల్లో పటానికి కింద కూడా మేకు కొట్టేది. అయితే ఇంటికొకటి మాత్రం కొట్టకుండా వదిలేది."

"ఎందుకు?"

"తెలిసేదానికి. రుబ్బురోలు తిప్పతా ఉంటే చిన్నగా అదిరింది తెలీదు గదా? మేకు లేని పటం మోసం చెయ్యదు, రవ్వంత కదిలినా ఊగుతాది. మా ఆయన గనిలో ఆసరా కొయ్యలు నిలబెట్టే పని. ఈ బొమ్మ ఆయనే వేసినాడు, ఆయనే తగిలించినాడు. ఇది ఊగితే పొయ్యి మీద ఏమున్నా దించేసి గనిలోకి దిగే షాఫ్ట్ కాడికి వచ్చేయ్ అన్నాడు. బిడ్డను చంకలో వేసుకోని పరిగెత్తేదాన్ని. అన్ని ఇండ్ల ఆడోళ్లూ అంతే. పైకి వచ్చే ఒక్కొక్క మొగోడి మొహం చూస్తా నిలబడేది."

అడగాలంటే భయమేసింది, అయినా అడిగినాను. "మీ ఆయనకు ఎప్పుడైనా..."

"ఏమీ కాలే! అన్ని సార్లూ పైకి వచ్చినాడు. గని మూసినాక మనవళ్లను ఎత్తుకోని తిరిగినాడు. మొన్న మొన్న మంచంలో, నా పక్కనే పోయినాడు." ఆ మాట ఎంత తృప్తిగా చెప్పిందో!

బొమ్మ దగ్గరికి పోయి చూసినాను. నూనె డబ్బా రేకును సాపు చేసి, దాని మీద ఎనామిల్ రంగులతో వేసినాడు ఆమె భర్త చిన్నప్ప. ఆయన సొంతూరు టేకల్. ఆ ఊరి పెద్ద పెద్ద రాతిగుండ్లు, కింద రాగిచేను, చేను గట్టున ఒక కుక్క. గని ఊసే లేదు. కుక్క చెట్టంత ఉంది. అయితే ఆ రాగిచేను పచ్చదనం మాత్రం, నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"బాగుందమ్మా. బెంగళూరుకు పంపు" అన్నాను.

"నాకూ ఆశే. ఆయన బొమ్మ పెద్ద గోడకెక్కాల, పది మంది చూడాల. ఆయన ఉన్నప్పుడు చూసింది నేనొక్కదాన్నే. నేను చూసింది గూడా ఊగిందా లేదా అని. బొమ్మను చూడనే లేదు." వెల్లుల్లి చాట దించి పెట్టింది. "చేతులారా తీసి ఇయ్యాలంటే మనసు రాలే టీచరమ్మా. చూద్దాం, ఆదివారం సాయంత్రం దాకా టైముంది గదా."

శనివారం: ఫ్యాను

ప్రదర్శన పాత క్లబ్బు హాల్లో. వరండాలో నిలబడితే ఎదురుగా షాఫ్ట్ మీద పెద్ద ఇనప చక్రం కనిపిస్తుంది. ఆరోగ్యమ్మ బొమ్మను దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తానే మోసుకొచ్చింది. మ్యూజియం తరఫున వచ్చిన అమ్మాయి నివేదిత. జుట్టు కత్తిరించుకుని, పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని, అందర్నీ "ఊట ఆయ్తా?" అని కన్నడంలో భోజనం సంగతి అడుగుతా తిరుగుతోంది. నేను డ్రాయింగ్ టీచరునని తెలియగానే టేపు నా చేతిలో పెట్టింది. ఇంగ నన్ను పట్టేదెవరు? ఎత్తులు కొలిచి, వరసలు సర్ది, గోడకు పైన బిగించిన కడ్డీ నుంచి సన్నటి తీగలతో పటాలన్నీ వేలాడదీసినాము. దేవుడి పటాలు, పెండ్లి ఫోటోలు, ఊలుతో కుట్టిన చిలకలు, చిన్నప్ప రేకు బొమ్మ.

ఆ ఊరి మగవాళ్లు ఒకరిద్దరు సుత్తి తెచ్చి, "కింద మేకు కొట్టరా మేడం?" అని అడిగినారు.

"అయ్యో, బేడ బేడ!" అని చేతులు అడ్డం పెట్టింది నివేదిత. "మా రూల్ అది. బొమ్మకు చిన్న రంధ్రం కూడా పడకూడదు."

ప్రారంభోత్సవానికి హాలు నిండింది. ముందు వరసల్లో పటాల సొంతదారులు, ఎక్కువగా ముసలి ఆడవాళ్లే, మంచి చీరల్లో కూర్చున్నారు. ముఖ్య అతిథి కన్నడంలో కళల చరిత్ర మొదలుపెట్టి, మొదట్లోనే నిలబడిపోయినాడు. మే నెల ఉక్క. ఎవరో పుణ్యాత్ములు ఫ్యాన్లన్నీ ఒకేసారి వేసినారు.

గోడ మీది పటాలన్నీ కదిలినాయి. చట్రాలు గోడకు తగిలి టకటకమన్నాయి.

ముందు వరసల్లోని ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచినారు. అరుపు లేదు, మాట లేదు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, వాటిని దాటుకుని ఒట్టి కాళ్లతో వరండాలోకి పోయినారు. అతిథి నోరు తెరుచుకుని అట్లే ఉండిపోయినాడు. నేనూ వెనకాలే పోయినాను. వరండా పొడుగునా నిలబడి అందరూ ఆ ఇనప చక్రం వైపే చూస్తున్నారు.

కొంతసేపటికి ఒకామె వెనక్కి తిరిగి హాల్లోకి చూసి, "ఐయో, ఫ్యానే!" అనింది. అంతే, నవ్వులు! తల కొట్టుకునేవాళ్లు, పక్కామె భుజం మీద కొట్టేవాళ్లు, నవ్వుతూనే కండ్లు తుడుచుకునేవాళ్లు. నివేదిత మాత్రం ఏం తప్పు జరిగిందోనని తెల్లమొహం వేసుకుని నిలబడింది. రీటా ఆ పిల్లను పక్కకు తీసుకుపోయి అంతా చెప్పింది.

నేను ఆరోగ్యమ్మ కోసం వెతికినాను. వరండాలో లేదు. అప్పుడే గేటు దాటి రోడ్డెక్కింది. ఎండకు కాలుతున్న తారు రోడ్డు మీద ఒట్టి కాళ్లు. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ఫ్యానమ్మా, అది ఫ్యాను!"

"తెలుసు టీచరమ్మా. ఫ్యానని నాకు ముందే తెలుసు. కాళ్లకు తెలీలే."

నీడలోకి తీసుకుపోయి కూర్చోబెట్టినాను. మజ్జిగ ఇచ్చినారు, తాగింది. గ్లాసు కింద పెట్టి, "నేను పంపను" అనింది.

"అదేమిటమ్మా?"

"అక్కడ ఊగితే ఎవరు లేస్తారు?"

సాయంత్రం నివేదిత రీటా వాళ్లింటికి వచ్చి, మా అందరితో నేల మీద కూర్చుని ఇడియాప్పం తినింది. బొమ్మ రాకపోయినా పర్వాలేదు అజ్జీ, మీ ఇష్టమే అని చెప్పింది. అజ్జీ అంటే వాళ్ల మాటలో అవ్వ. ఆరోగ్యమ్మ మర్యాదగా వినింది.

"మీ మ్యూజియంలో ఫ్యాన్లుండాయా?"

"లేవు అజ్జీ. ఏసీ."

"ఆ గాలికి ఊగుతాదా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేకపోయింది. "కొంచెం ఊగుతుంది."

"అయితే వద్దు" అని లేచి పోయింది ఆరోగ్యమ్మ. రీటా మొహం మాడిపోయింది. నా మాటంటే వింటుందన్నారు గదా, నేను ఎన్ని విధాల చెప్పినా వినలేదు. నాకూ కొంచెం కోపమే వచ్చింది, దాచుకోవడమెందుకు?

ఆదివారం: సుత్తి

చర్చి ముగించుకుని అందరం హాలుకు పోయేసరికి నివేదిత తల పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల గోడ మీది ప్రతి పటానికీ కింద మేకులు! ఎవరు కొట్టినారంటే ఎవరూ చెప్పరు. ఊరు మొత్తం అమాయకమైన మొహాలు పెట్టుకుని వరండాలో అంటించిన పిల్లల బొమ్మలు చూస్తోంది. దగ్గరికి పోయి పరీక్షించినాము. చట్రానికి ఎక్కడా రంధ్రం పడలేదు. గోడకు మేకు కొట్టి, దాని తలను చట్రం అంచు మీదికి వంచినారు, అంతే. నివేదిత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పకపకా నవ్వింది. ఆ పిల్ల నాకు అప్పుడు నచ్చింది.

చిన్నప్ప బొమ్మ ఒక్కటే మేకు లేకుండా ఉంది.

"దీన్నెందుకు వదిలినారు?" అని సుత్తి పెద్దమనుషుల్లో ఒకాయన్ను పట్టుకుని అడిగినాను.

"అది ఆరోగ్యమ్మది కదమ్మా. ఆమె చెప్పకుండా ఎట్లా కొడతాము?" అని, తాను ఒప్పేసుకున్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

ఆ పొద్దంతా హాలు సందడిగా ఉండింది. సొంతదారులు తమ తమ పటాల ముందు నిలబడి వాటి సంగతులు చెప్పినారు. పెండ్లి ఫోటోలో అరువు కోటు వేసుకున్న సంగతి, చిలక కుట్టినామె చిలకను ఎప్పుడూ చూడని సంగతి. ఆరోగ్యమ్మ మాత్రం ఏమీ చెప్పనని కుర్చీ ఒకటి వేయించుకుని తన బొమ్మ ఎదురుగా కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఫ్యాన్లు ఆపేసి ఉన్నారు గాని తలుపు తెరిచినప్పుడల్లా రేకు మెల్లగా ఊగేది. ఊగినప్పుడల్లా ఆమె కాళ్లు బిగుసుకునేవి. ఆగితే చూసేది.

అట్లా ఒకసారి బాగా ఆగింది. ఆమె ముందుకు వంగి చూసి, నా చెయ్యి గిచ్చింది.

"టీచరమ్మా, ఆ గుండు చూడు. గుండు గాదు!"

నేనూ కండ్లు చికిలించి చూసినాను. రాగిచేను వెనక బూడిదరంగు రాయి. రాయికి కొమ్ములు.

"ఆవు" అన్నాను. "పడుకోనుంది. కాళ్లు వెయ్యడం రాక మీ ఆయన పడుకోబెట్టినట్టున్నాడు."

"మా ఆవే! టేకల్ ఇంట్లో ఉండేది. పెండ్లి చేసుకోని పోయినప్పుడు నన్ను పొడిచింది ఇదే!" అని చప్పట్లు కొట్టి నవ్వింది. "ఇన్నేండ్లూ నా గోడ మీదే ఉన్నింది, నేను చూళ్లేదే! ఇంకా ఏమేమి పెట్టినాడో..."

అంతలో ఎవరో తలుపు తీసినారు. రేకు ఊగింది. ఆమె నవ్వు ఆగిపోయింది, అరచేతులు కుర్చీ మీద ఆనించి సగం లేచింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ ఊగింది.

"చూడనీదు" అనింది కోపంగా. "ఇది ఊగినంత సేపూ నేను ఊగుడే చూస్తాను. బొమ్మను చూడలేను." లేచి నిలబడి, హాలంతా వినపడేట్టు కేకేసింది. "సుత్తి యాడ ఉండాదప్పా?"

సుత్తి ఎక్కడుందో ఎవరికీ తెలీదన్నారు పొద్దున. ఇప్పుడు మూడు వచ్చినాయి.

ఈ రేకుకు చట్రం లేదు. మేకు వంచి పట్టించేదానికి అంచు లేదు. కొడితే రేకులోకే కొట్టాలి. నివేదిత పరుగున వచ్చింది. "అజ్జీ, రంధ్రం పడితే రూల్ ప్రకారం..."

"మీరు తీసుకున్నాక మీ రూలు. ఇప్పుడు నాది. నాదిగా ఉన్నప్పుడే కొట్టేస్తాను."

ఆ పిల్ల నా వైపు చూసింది, రీటా వైపు చూసింది. తర్వాత ఏమనుకుందో, బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రేకు కదలకుండా కింది అంచును రెండు చేతులా పట్టుకుంది. చెప్పొద్దూ, నాకు కండ్లు చెమర్చినాయి.

ఆరోగ్యమ్మ మొదటి దెబ్బ గోడకు కొట్టింది. రెండోది తన వేలికి. ఎవరో సుత్తి అడిగితే ఇవ్వలేదు. మూడో దెబ్బకు మేకు రాగిచేను అడుగున దిగింది. ఇంకో రెండు దెబ్బలు కొట్టి, వేలితో రేకును తోసి చూసింది. కదల్లేదు. అరచేత్తో తోసింది. కదల్లేదు.

"తీసుకోని పొండి" అనింది నివేదితతో. "అయితే అక్కడ కూడా ఈ రంధ్రంలోనే మేకు కొట్టాల. ఊగనీకూడదు."

"నేనే కొడతాను అజ్జీ" అని ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. రీటా అత్తను పట్టుకుని ఏడ్చేసింది.

"ఏడ్చేదెందుకే పిచ్చిదానా?" అని కోడలి మొహం కొంగుతో తుడిచింది ఆరోగ్యమ్మ. "ఆయన షిఫ్టు ముగిసి యేండ్లయింది. నాది ఇయ్యాల ముగిసింది."

పోయి తన కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. బొమ్మను చూసింది. చాలాసేపు చూసింది. నేను కాఫీ తెస్తానని పోయి వచ్చేసరికి, నోరు కొంచెం తెరుచుకుని సన్నగా గురక పెడుతోంది.

సాయంత్రమైంది, హాలు ఖాళీ చెయ్యాలి. మగవాళ్లు మేకులు పెరకడం మొదలుపెట్టినారు. ఒక్కొక్క పటం తీగలకు ఊగుతా, గోడకు తగిలి టకటకమంటా దిగుతోంది. ఎవరో పొరపాటున ఫ్యాన్లు కూడా వేసినారు. రీటా, నేను ఇద్దరం ఉలిక్కిపడి కుర్చీ వైపు చూసినాము. గురక ఆగలేదు.

ఆరోగ్యమ్మ లేవలేదు.